మందారానికి ఉన్ని అంగీ

తెల్లారుజామున సుహైల్ పొడిచిందని
మామా చెయ్యెత్తి చూపించిన దినం నుంచి
ఎండ పొగరు దిగతా వచ్చింది.
మా సీమలో దాన్నే అగస్త్యుడంటారని చెప్పాలనుకున్నా గానీ
అంత అరబ్బీ నాకు యాడిది?
కూరగాయల అంగడి దాకా వస్తాది నా అరబ్బీ,
ఆడ్నే నిలబడిపోతాది.

ఇంటి పెద్దామెను ఈడ మామా అనాల.
వచ్చిన కొత్తలో నోరు తిరగలా,
నాకు పిల్లనిచ్చినోడు గుర్తొచ్చి నవ్వొచ్చేది.
ఆమెకూ పెంచలయ్య అనేది పలకదు.
బన్షల్ అంటాది.
పలుకుతా.

జహ్రాలో చలి ఎడారి మీంచి నడిచొస్తాది,
సముద్రం పక్కనుండే వాళ్లకు తెలీదు దాని పండ్ల పదును.
అక్టోబరు దాటినాక నేను చెట్టుకు కత్తెర చూపించను.
కోస్తే చిగురేస్తాది పిచ్చిది,
చిగురు కనపడితే చలి ఊరుకోదు.
యూరియా సంచి మూతి కట్టేసినా.
గొర్రె పెంట మటుకు జానెడు మందం పోసినా మొదళ్లకు.
ఆ వాసనకు రాయచోటి దావ, మంద కట్టిన చేను,
కంబడి కప్పుకొని కూర్చున్న కుక్కలాంటి మా చిన్నాయన.
పెంట మీద ఎండు ఖర్జూరపు మట్టలు.
నీళ్లు పొద్దున్నే; సందేళ పోస్తే వేరు వణుకుతాది.

కాగితంపూలకు భయం లేదు.
గన్నేరుకు అసలే లేదు, విషం తాగి పెరిగింది.
నూరువరహాలను కుండీలతో సహా గరాజులోకి మోసినా.
మిగిలింది మందారాలు, మూడు.

నాలుగుండేవి.
నేనొచ్చిన ఏడాది డిసెంబర్లో
అందంగా ఉంటాదని ఒకదాన్ని గుండ్రంగా కత్తిరించినా.
జనవరి తినేసింది.
మామా ఒక్క మాట అనలా,
నాలుగు దినాలు చాయ్ పంపలా.
బాబా చేత్తో నాటినవంట. నేను ఆయన్ని చూల్లా.

ముదురు చలి నలభై దినాలు.
మర్బఆనీ అంటారు వీళ్లు,
మనం మండలం అన్నట్టు.

ఈ తూరి గోనెలు అడిగినా.
మామా లోపలికి పోయి శానాసేపు రాలా.
వచ్చినప్పుడు చేతుల మీద మూడు ఉన్ని దిస్దాషాలు,
బూడిద రంగుది, నల్లది, కాఫీ రంగుది.
బీరువాలో మడత నలగనివి.
పైన కలరా ఉండల వాసన, దాని కింద ఊదు పొగ.
"చుట్టు" అనింది.
వద్దన్నా.
"చుట్టు" అనింది మళ్లా.

ఆకుకు బట్ట ఆనితే ఆనిన కాడ మాడిపోతాది.
గుంజ నాటి, అడ్డకర్ర కట్టి,
చేతుల్లో గుండా దూర్చి తొడిగినా.
మనిషి నాకంటే జానెడు పొడుగని అప్పుడు తెలిసింది.
దిష్టిబొమ్మల్లే అనుకున్నా కట్టేటప్పుడు.
కట్టి ఎనక్కి జరిగి చూస్తే
ముగ్గురెవరో మాట్లాడుకుంటా మాట్లాడుకుంటా
నన్ను చూసి ఆపినట్టు ఉండ్య.
పక్కింటి డ్రైవరు గామిని ఆ రాత్రి
చెత్త కవరు వదిలేసి పరిగెత్తినాడు.

ఒకరోజు, నమాజు పిలుపు ఇంకా కాలా.
నా గది గరాజు పక్కన, కిటికీకి అట్ట.
అట్ట సందులోంచి చూస్తే
మామా కాఫీ రంగుదాని ముందర నిలబడుండాది,
చేతిలో గావా గిన్నె, పొగలు.
గొణుగుతాండాది. తిడతాండాదేమో.
నాకు తెలిసిన మాట ఒక్కటే చెవిన పడింది: బర్ద్.
చలి.
మళ్ల చెయ్యి చాపి
మెడ కాడ గుండీ పెట్టింది.

మండలం దాటింది.
బూడిదది తీసినా, నల్లది తీసినా.
ఆకులు కొన్ని పండినాయి, అంతే.
గోటితో గీకితే కొమ్మ పచ్చిగానే ఉండాది.
కాఫీ రంగుదాని మీద చెయ్యేస్తే
"బాచిర్" అంటాది.
రేపు.
ఫిబ్రవరి అంతా రేపే.

లోపల చెట్టుకు ఉక్కపోస్తాదని చెప్పాల.
కుడి చేతి కొసన, వేళ్లు ఉండాల్సిన తావులో,
ఎర్రటి మొగ్గొకటి ఇయ్యాల తల బయటికి పెట్టింది.
మామా ఇంకా చూల్లా.
నేనూ చెప్పలా.
పైపు పట్టుకొని మొదట్లో నీళ్లు పెడతాండా,
బట్ట తడవకుండా.